ఒక్కో కీ ఒక్కో బరువు: కొత్త కీబోర్డ్‌తో నా మూడు వారాలు

'స్వాతంత్ర్యం' అని కొట్టాను. తెర మీద 'స్వాతంతర్యం' అని పడింది. వెనక్కి వెళ్ళి దిద్దాను. రెండు పేరాల తర్వాత 'విద్యార్థులు' దగ్గర మళ్ళీ అదే, ఒక పొల్లు ఎగిరిపోయింది. సాయంత్రం కూర్చుని లెక్కపెడితే ఆ ఒక్క రోజులో ఇలాంటివి 31 తేలాయి. కొత్త మెకానికల్ కీబోర్డ్ బల్ల మీదికి వచ్చి అప్పటికి నాలుగు రోజులు.

నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. హైదరాబాద్ చిక్కడపల్లిలో ఉంటాం, పని ఇంట్లోంచే. రోజుకు 2,000 పదాలకు తగ్గకుండా ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతాను. ఆ పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను: అందులో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో చాలావరకు కుడి చేతికి వస్తాయి. పొల్లు ఇంగ్లీషు 'డి' ఉన్న చోట ఉంటుంది. దాని పై వరసలో దీర్ఘం, కింది వరసలో 'మ'. ఈ మూడూ ఎడమ చేతి నడిమి వేలివే. తెలుగులో ఒత్తు రావాలంటే ముందు పొల్లు కొట్టాలి. 'స్వాతంత్ర్యం' ఒక్క మాటకే ఆ కీ మూడు సార్లు దిగాలి. ఇంగ్లీషు కొట్టేవాళ్ళు 'డి' కాస్త బరువుగా ఉంటే గమనించకపోవచ్చు. నాకు మాత్రం వాక్యం వాక్యానికీ తగులుతుంది.

పాత మెంబ్రేన్ కీబోర్డ్‌తో, అంటే కీల కింద రబ్బరు పొర ఉండేదానితో, మణికట్టు నొప్పి మొదలైందనే ఇది కొన్నాను. 87 కీలు, ఒక్కో కీ కింద ఒక్కో విడి స్విచ్, అవీ నొక్కేటప్పుడు మధ్యలో వేలికి చిన్న మిట్ట తగిలే బ్రౌన్ రకానివి, టంకం ఊడదీయకుండానే స్విచ్‌లు పీకి మార్చుకునే హాట్‌స్వాప్ సౌకర్యం. అంత డబ్బు ఒక కీబోర్డ్ మీద పెట్టడం నాకు ఇదే మొదలు. అందుకే మొదటి వారమంతా తప్పు నా వేళ్ళదే అనుకున్నాను. అలవాటు పడితే సర్దుకుంటుందని అందరూ అన్నారు. కానీ అలవాటు కాకపోతే అన్ని కీలూ ఒకేలా కొత్తగా ఉండాలి కదా! నాకు 'డి' గరుగ్గా, బరువుగా ఉంది. 'త' కొట్టే 'ఎల్' మెత్తగా, నెయ్యిలో దిగినట్టు ఉంది. 'జి' అడుగున రాయికి తగిలినట్టు ఆగిపోతోంది. స్పేస్ బార్ ఎడమ వైపు నొక్కితే ఒక చప్పుడు, కుడి వైపు నొక్కితే ఇంకో చప్పుడు.

ఇది భ్రమ కాదని నాకు నమ్మకం కలిగించింది మా బాపు. ఆయన నాంపల్లి కోర్టుల దగ్గర ఏళ్ళ తరబడి జాబ్ టైపింగ్ చేశారు, తెలుగు మిషన్ మీద. ఒక రోజు నా పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కో కీనీ ఒకే వేలితో నెమ్మదిగా నొక్కుకుంటూ పోయారు.

"బిడ్డా, ఇది నీ వేలి తప్పు కాదు. ఇవి ఒక్కతీరుగ లేవు."

"అందరూ అలవాటైతదంటున్నరు బాపూ."

"అలవాటైతది. ఎట్లైతది? బరువున్న కాడ వేలు గట్టిగ కొట్టుడు నేర్సుకుంటది. ఆనెంక నొప్పి వస్తది. మా మిషన్ల ఒక అక్షరం బిర్రుగుంటే మూడో కార్బన్ కాపీల అది కనపడకపోయేది. బ్రష్షు కిరోసిన్ల ముంచి కడిగేటోళ్ళం గని, వేలికి అలవాటు చెయ్యలే."

ఆ మాట నా మనసులో దిగిపోయింది. మణికట్టు కోసమే కొన్న వస్తువుకు మణికట్టునే సర్దుకోమనడం ఏమిటి?

కొలవాలనుకున్నాను. 2011లో వచ్చిన నమూనా ఐదు రూపాయల బిళ్ళ సరిగ్గా 6 గ్రాములు ఉంటుంది. కిరాణా కొట్టులో అడిగి ఆ నమూనావే పన్నెండు ఏరుకొచ్చాను. బిళ్ళ వెడల్పు 23 మిల్లీమీటర్లు, కీకీ మధ్య దూరం 19. అందుకే చుట్టూ ఉన్న కీల పై తొడుగులు (క్యాప్‌లు) తీసేయాలి, లేకపోతే బిళ్ళ పక్క కీల మీద కూర్చుంటుంది. కీ మీద ఒక్కో బిళ్ళ పేరుస్తూ, ఎన్నోదానికి కీ దిగిందో కాగితం మీద రాసుకున్నాను. బ్రౌన్ రకానికి మూలమైన, చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్ కొలత ప్రకారం, మధ్యలో వేలికి తగిలే మిట్టను దాటడానికి దాదాపు 55 గ్రాములు పడుతుంది. నా స్విచ్‌లు వేరే కంపెనీవే అయినా పెట్టె మీద అదే అంకె ఉంది. అంటే తొమ్మిది, పది బిళ్ళల దగ్గర దిగాలి. చాలా కీలు అలాగే దిగాయి. 'ఎల్' ఎనిమిదికే దిగిపోయింది. 'డి' పన్నెండో బిళ్ళ పెట్టేదాకా కదల్లేదు.

ఈ రకంలో 2 మిల్లీమీటర్లు దిగితేనే అక్షరం పడుతుంది, మొత్తం దిగేది 4. పక్క కీలకు సరిపోయే బలంతో 'డి'ని తాకితే ఒక్కోసారి ఆ 2 మిల్లీమీటర్లు పూర్తవ్వవు. పొల్లు ఎగిరిపోయేది అక్కడే.

కంపెనీవాళ్ళను వారంటీ సంగతి అడిగాను. అన్ని కీలూ అక్షరాలు కొడుతున్నాయి కాబట్టి లోపం కిందికి రాదన్నారు. వాళ్ళ లెక్కలో కీ పనిచేయడం అంటే అక్షరం పడటమే. అది నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే ఈ రకం కీబోర్డ్‌లను అమ్మేదే వేలికి తగిలే తీరు చూపించి. స్విచ్‌లు నేనే తీసి చూస్తే వారంటీ పోతుందా అని అడిగితే, హాట్‌స్వాప్ కాబట్టి పోదని మెయిల్‌లో రాసిచ్చారు. ఆ మెయిల్ దాచుకున్నాను. మీరూ విప్పే ముందు రాతపూర్వకంగా అడగండి.

శనివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, ఆటోలో పార్క్‌లేన్ వెళ్ళాను. అక్కడి కంప్యూటర్ షాపుల సముదాయాన్ని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఎవరూ అనరు, సీటీసీ అంటేనే ఆటోవాళ్ళకు తెలుస్తుంది. రెండు మూడు షాపులు తిరిగాక, ల్యాప్‌టాప్ కీబోర్డ్‌లు మార్చే ఒక కుర్రాడు పని ఆపి మరీ నా మాట విన్నాడు.

"అక్కా, ముందు విప్పకు. 'డి' స్విచ్ తీసి ఎఫ్12లో పెట్టు, ఎఫ్12ది తెచ్చి 'డి'లో పెట్టు. బరువు ఎటు పోయిందో చూడు. స్విచ్‌తో పోతే స్విచ్‌ది, ఆడనే ఉంటే బోర్డుది."

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ ఒక్క మాటే. డబ్బులు తీసుకోమన్నా తీసుకోలేదు.

ఇంటికొచ్చి అలాగే చేశాను. స్విచ్ పీకేటప్పుడు పైనా కిందా ఉన్న కొక్కేలను పుల్లర్‌తో నొక్కి నిటారుగా లాగాలి. పెట్టేటప్పుడు అడుగున రెండు రాగి కాళ్ళు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, బోర్డు వెనక వేలితో ఆనించి నొక్కాలి. లేకపోతే కాలు వంగుతుంది, లేదా లోపలి సాకెట్ ఊడుతుంది. నాకు ఒక కాలు వంగింది. ట్వీజర్‌తో మెల్లగా సరిచేస్తే మళ్ళీ పనిచేసింది.

'డి' బరువు స్విచ్‌తో పాటే ఎఫ్12కి వెళ్ళిపోయింది. 'ఎల్' మెత్తదనం కూడా అంతే. 'జి' మాత్రం ఏ స్విచ్ పెట్టినా అడుగున రాయిలాగే ఉంది. అంటే నాకున్నది ఒక జబ్బు కాదు, మూడు. స్విచ్‌లది ఒకటి, బోర్డుది ఒకటి, స్పేస్ బార్‌ది ఇంకొకటి. అన్నిటికీ కలిపి ఒక మందు వెతికినంతకాలం ఏదీ ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమైంది.

'డి'నీ 'ఎల్'నీ విప్పి పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాను. స్విచ్‌లో ఉండేవి ఐదే: పై డబ్బా, కింది డబ్బా, మధ్యలో కిందికీ పైకీ ఆడే స్టెమ్, స్ప్రింగ్, కరెంటు కలిపే పల్చటి లోహపు రేకు. స్టెమ్‌కు రెండు చిన్న కాళ్ళుంటాయి. వాటి మీది మిట్ట ఆ రేకును రాసుకుంటూ దిగుతుంది, మన వేలికి మధ్యలో తగిలేది అదే. నా స్విచ్‌లకు ఫ్యాక్టరీలోనే గ్రీజు రాశామని పెట్టె మీద గొప్పగా వేశారు. 'ఎల్'లో ఆ గ్రీజు కాళ్ళ మీద కూడా దట్టంగా ఉంది, అందుకే మిట్ట చచ్చిపోయింది. 'డి'లో స్టెమ్ జారే గాళ్ళు పొడిగా ఉన్నాయి, గ్రీజు తాకిన జాడే లేదు. ఒకదాని వాటా ఇంకోదానికి పోయినట్టుంది.

ఇక చేతితో రాయడమే. కుట్టు మిషన్ నూనె వేయమనీ, కొబ్బరి నూనె చాలనీ సలహాలు వచ్చాయి. దయచేసి వేయకండి. కొబ్బరి నూనె మన డిసెంబరు చలికే గడ్డకడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. నేను క్రైటాక్స్ 205 జీ0 అనే గ్రీజు చిన్న డబ్బా తెప్పించాను, అది ప్లాస్టిక్‌ను ఏమీ చేయదు. కోఠిలో సున్నా నంబరు పెయింటింగ్ బ్రష్ కొన్నాను. ముందు పాత గ్రీజు తుడిచి, తర్వాత కింది డబ్బాలోని గాళ్ళకూ, స్టెమ్ పక్కలకూ, స్ప్రింగ్ రెండు కొసలకూ తడి మెరిసీ మెరవనంత పూత. స్టెమ్ కాళ్ళకూ రేకుకూ అసలు ముట్టించకూడదు. బ్రష్ మీద గ్రీజు కంటికి తెల్లగా కనిపిస్తే అది ఎక్కువే.

87నీ విప్పాలని మొదట అనుకోలేదు. కానీ ఆరు చేశాక ఆ ఆరే బాగుండి మిగతావి గరుగ్గా అనిపించాయి. బాపు కూడా పక్కన కూర్చున్నారు. నేను రాస్తుంటే ఆయన మూతలు బిగించి, ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, బాగోలేనిది నా వైపు తోసేవారు. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆయన పని మానేసి చాలా ఏళ్ళయింది, మేమిద్దరం ఒకే బల్ల దగ్గర అంతసేపు కూర్చున్నది ఈ మధ్య ఇదే.

స్పేస్ బార్ సంగతి త్వరగా తేలింది. పొడుగు కీల కింద స్టెబిలైజర్ అని రెండు వైపులనూ కలిపే తీగ ఉంటుంది. దాన్ని తీసి అద్దం మీద పెడితే నాలుగు వైపులా ఆనాలి. నాది ఒక మూల లేచి టకటకమని ఊగింది. వేళ్ళతో కొంచెం కొంచెంగా వంచుతూ అద్దానికి అతుక్కునేదాకా సరిచేసి, కొసలకు డైఎలెక్ట్రిక్ గ్రీజు పెట్టాను. రెండు చప్పుళ్ళూ ఒకటయ్యాయి.

'జి' దగ్గరే ఎక్కువ తల పట్టుకున్నాను. బోర్డు విప్పి చూస్తే, సర్క్యూట్‌ను కీబోర్డ్ కింది డబ్బాకు బిగించే స్క్రూల్లో ఒకటి సరిగ్గా 'జి', 'హెచ్' మధ్య ఉంది. ట్రే మౌంట్ అంటారు ఈ పద్ధతిని. స్క్రూ ఉన్న చోట అడుగు గట్టిగా ఉంటుంది, దూరంగా ఉన్నచోట కాస్త వంగుతుంది. ఇది తయారీలో తప్పు కాదు, ఆ నిర్మాణం స్వభావమే అంత. కుళాయి సామాన్ల కొట్టులో దొరికే సన్న రబ్బరు రింగులు స్క్రూ దిమ్మెల మీద పెట్టి, స్క్రూలను బిర్రుగా కాకుండా నిలబడేంత మాత్రం బిగించాను. గట్టిదనం చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు. వేలిని అక్కడ ఆపి వెతికితే ఇప్పటికీ తెలుస్తుంది, రాస్తూ పోతే తెలియదు.

మళ్ళీ బిళ్ళలు పేర్చాను. 'డి' పదికి దిగింది, 'ఎల్' తొమ్మిదికి. రెండు స్విచ్‌లు మాత్రం ఎంత చేసినా పన్నెండు దగ్గరే ఆగాయి, వాటి స్ప్రింగులే బరువైనవి అయ్యుండాలి. వాటిని స్క్రోల్ లాక్‌కూ, పాజ్‌కూ పంపించి, అక్కడి మంచివాటిని అక్షరాల్లోకి తెచ్చాను. నా పనిలో ఆ రెండు కీలూ నేను ముట్టుకోనే ముట్టుకోను.

నిన్న 2,300 పదాలు కొట్టాను. ఎగిరిపోయిన పొల్లులు రెండు, రెండూ అలసిపోయాక రాత్రి పది తర్వాతవి. ఎంటర్ కింది తీగ కూడా కాస్త మూలుగుతోంది. వచ్చే ఆదివారం దాన్ని అద్దం మీద పెట్టి చూడాలి. అద్దం తానే పట్టుకుంటానని బాపు ఇప్పటికే అన్నారు.