రోహిణి ఎండల్లో బయలుదేరి, కిన్షాసాలో శాలువా కప్పుకోవాలి

మా చెల్లె ఆఫ్రికాలోని కాంగో దేశ రాజధాని కిన్షాసాకు పోయి మూడేళ్లు దాటింది. మరిది అక్కడ మందుల గోదాంలో లెక్కలు చూస్తాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎప్పుడొస్తవ్ అక్కా?" అని ఒకటే అడుగుడు. నేనూ మూడేళ్లు "చూద్దాంలే" అని నెట్టుకొచ్చాను. మొన్న సంక్రాంతికి అమ్మ పాస్‌పోర్టు కూడా చేతికొచ్చింది. ఇక ఆ మాట చెల్లదు.

నేను మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో జిల్లా పరిషత్ బడి పంతులమ్మను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో ఎవరు ఏది మాట్లాడితే అది. నాకు దొరికే పొడుగు సెలవులు రెండే: దీపావళివి, ఎండాకాలంవి. విదర్భ ఎండలకు మా దగ్గర బళ్లు మిగతా మహారాష్ట్ర కంటే ఆలస్యంగా, జూన్ చివరికి గానీ తెరవరు. అంటే మే, జూన్ దాదాపు నా చేతిలోనే ఉంటాయి. మా ఆయన మాత్రం రోహిణి కార్తెలో ఊరు కదలడు. దుక్కులు, పత్తి విత్తనాలు, అప్పులు, అన్నీ అప్పుడే. కాబట్టి పోయేది నేనూ అమ్మా అనుకున్నాం.

మొదట ఒక ట్రావెల్స్ ఆయన దగ్గరికి పోయాను. ఆయన నా మాట పూర్తిగా వినకుండానే, "ఆఫ్రికా అంటే ఎండలే కద మేడమ్, డిసెంబర్‌ల పొండి, చల్లగుంటది" అన్నాడు. నేనూ తలూపి వచ్చేశాను. ఆ రాత్రి చెల్లెకు చెబితే గట్టిగా నవ్వింది. డిసెంబర్ అంటే అక్కడ వానాకాలం మధ్యన. పైగా కాంగో నది నిండుగా పారే నెల.

అప్పటి నుంచి కార్తెల పంచాంగం పక్కన కిన్షాసా వానల లెక్క రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ ఊరు భూమధ్యరేఖకు దక్షిణంగా నాలుగు డిగ్రీల్లో ఉంది. సెప్టెంబర్ ఆఖరుకో అక్టోబర్‌కో వానలు మొదలై మే సగం దాకా పడతాయి. జనవరి, ఫిబ్రవరిలో కొంచెం తెరిపి ఇస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు చినుకు ఉండదు. నా రెండు సెలవులూ సరిగ్గా రెండు అతుకుల మీద పడ్డాయి. దీపావళికి పోతే వానలు మొదలయ్యే వేళ. మే నెలాఖరుకు పోతే వానలు వెనక్కి తగ్గే వేళ.

దీపావళిని కొట్టేయడానికి నాకు మహమ్మద్ అలీ సాయం చేశాడు. 1974లో అలీకి, జార్జ్ ఫోర్‌మన్‌కి కిన్షాసాలో జరిగిన బాక్సింగ్ పోటీ గురించి మా ఆయన పెళ్లైన కొత్తలో చెప్పిన కథే. కానీ అందులో వానల సంగతి నాకు ఇప్పుడే తట్టింది. పోటీ మొదట సెప్టెంబర్ 25న పెట్టుకున్నారు. సాధనలో ఫోర్‌మన్ కంటి పైన తెగి గాయమైంది, దాంతో అక్టోబర్ 30కి జరిపారు. ఆ అయిదు వారాల్లో ఎండాకాలం పోయి వానాకాలం వచ్చి కూర్చుంది. ఆకాశం కింద స్టేడియం, వేల మంది జనం, నిర్వాహకుల గుండెల్లో రాళ్లు. అమెరికా టీవీల వేళ కోసం తెల్లవారుజామున నాలుగింటికి పోటీ పెట్టారు. ఎనిమిదో రౌండ్‌లో అలీ గెలిచాడు. ఆ తర్వాత కాసేపటికే కుండపోత కురిసి స్టేడియం నీళ్లమయం అయింది. దీపావళి అటూ ఇటూగా ఆ రోజులకే వస్తుంది కదా. అలీకి దొరికిన తెరిపి నాకూ దొరుకుతుందని ఏం నమ్మకం?

మొదటి వానలంటే నాకు ఇంకో భయం కూడా ఉంది. మృగశిరలో మొదటి జల్లు పడగానే మా బజారు మోరీలు ఎలా పొంగుతాయో చూస్తూనే ఉన్నాం. ఎండాకాలమంతా పేరుకున్న చెత్త ఒక్కసారి కదులుతుంది. కిన్షాసా కోటిన్నరకు పైగా జనం ఉన్న ఊరు. కాలువల నిండా ప్లాస్టిక్ సీసాలని చెల్లె వీడియోలో చూపించింది. పైగా అక్కడ గుట్టలన్నీ ఇసుక నేల. వాన నీరు దారి చేసుకుంటే లోయలా కోసుకుంటూ పోయి ఇళ్లనే మింగేస్తుంది. "వాన పడితే ఇక్కడ ఆఫీసుకు ఎవరూ రారు, ఎందుకు రాలేదని ఎవరూ అడగరు" అంటాడు మరిది. ఈ పద్ధతి మా బడికీ ఉంటే బాగుండు.

అలాగని వానలు తగ్గే ముందు రోజులు మాత్రం సాఫీగా ఉంటాయని కాదు. 2025 ఏప్రిల్ మొదటి వారంలో జిలి నది పొంగి విమానాశ్రయానికి పోయే రోడ్డు మునిగింది. 30 మందికి పైగా చనిపోయారు. విమానాశ్రయం ఊరి నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్ల దూరం. పోయే దారి ఆ దేశపు తొలి ప్రధాని లుముంబా పేరు పెట్టిన ఆ ఒక్క పెద్ద రోడ్డే. మామూలు రోజుల్లోనే ట్రాఫిక్‌లో రెండు, మూడు గంటలు పట్టే సందర్భాలుంటాయట. వరదప్పుడు చెల్లె వాళ్ల ఇంటికి రావలసిన చుట్టం ఒకాయన రాత్రంతా విమానాశ్రయంలోనే కూర్చున్నాడు. అందుకే ఆకాశం కంటే ముందు ఆ రోడ్డును చూసుకోవాలని తేల్చుకున్నాను. మే 24కి ఇక్కణ్ణుంచి బయలుదేరి, జూన్ 18కి తిరిగి రావాలి. మొదటి వారం ఒకటో రెండో వానలు తగిలినా తగలొచ్చు. ఆ తర్వాత నేల ఆరుతుంది.

నది సంగతి విన్నాక నాకు ఇంకా ఆశ్చర్యం వేసింది. మా ప్రాణహిత, గోదావరి జూలై, ఆగస్టులో ఒడ్లు దాటి వస్తాయి. 2022 జూలై వరదను మా తాలూకాలో ఎవరూ మర్చిపోరు. అదే నెలల్లో కాంగో నదిలో నీళ్లు ఏడాదిలోకెల్లా తక్కువకు దిగుతాయి. ఆ నది భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. ఉత్తరాన వానలు పడే కాలం ఒకటి, దక్షిణాన ఇంకొకటి, అందుకే ఏడాదికి రెండు పొంగులు. పెద్దది డిసెంబర్‌లో, చిన్నది మేలో. 2024 జనవరిలో అయితే 1961 తర్వాత ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. నేను పోయేసరికి చిన్న పొంగు దిగుతూ ఉంటుంది.

ఆ నది అవతలి ఒడ్డున బ్రాజవిల్, ఇంకో దేశపు రాజధాని. మా ఒడ్డున నిలబడితే కాళేశ్వరం అవతల కనిపించినట్టే, చెల్లెకు డాబా మీద నుంచి రాత్రిళ్లు బ్రాజవిల్ దీపాలు కనిపిస్తాయి. మాకైనా వంతెన వచ్చింది. నా చిన్నప్పుడు నాటు పడవలో గోదావరి దాటి అమ్మమ్మ ఊరికి పోయేవాళ్లం. వాళ్లకు ఇప్పటికీ వంతెన లేదు, పడవే గతి. దాటాలంటే కాగితాలు కూడా కావాలి.

అమ్మకు నేను చెప్పిన వాటిలో నచ్చింది ఒక్కటే. వాన అనడానికి, ఏడాది అనడానికి లింగాలా భాషలో ఒకటే మాటట, ఎంబులా. నాకు వెంటనే మరాఠీ పాఠం గుర్తొచ్చింది. పిల్లలకు ఏడాదిని 'వర్ష్' అని నేర్పుతాను, ఇంటికొచ్చి తెలుగులో వానను వర్షం అంటాను. "వానలు లెక్కపెట్టుకుంటనే బతుకుతరు గద ఎక్కడైన" అంది అమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఇక చలి విషయం. వానల్లేని కాలమంటే అక్కడ నీలాకాశం, మండే ఎండ అనుకునేరు. జూన్, జూలైలో ఆకాశం రోజంతా బూడిద రంగు మబ్బుతో మూసుకుని ఉంటుంది. మబ్బే గానీ చినుకు రాలదు. పగలు 27 డిగ్రీల దగ్గర ఆగుతుంది, రాత్రి 20కి అటూ ఇటూ. మే నెలాఖరున సిరొంచలో 45 డిగ్రీల్లో కూలర్ ముందు నుంచి లేవని మనిషిని నేను. ఆ కూలర్ ముందు కూర్చునే శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. మా ఆయన చూసి ఏమీ అనలేదు, తల మీద చెయ్యి వేసి జ్వరం చూశాడు.

ఇంత లెక్క వేశాక, ప్రయాణాన్ని నిజంగా తేల్చింది వానలు కాదు, ఒక సూది. కాంగోలో అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా పసుపుపచ్చ పుస్తకం చూపించాలి. టీకా వేసుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. ఒకసారి వేసుకుంటే జీవితకాలం పనికొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజులు విడిగా ఉంచుతారు. మన దేశంలో ఆ జబ్బు లేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం ఇంటింటా ఉంది. అందుకే అంత పట్టింపు. మలేరియా గురించి మాత్రం నాకెవరూ చెప్పనక్కర్లేదు. గడ్చిరోలి జిల్లాలో పుట్టిన ప్రాణం ఇది. అక్కడి మలేరియా ఏడాది పొడుగునా ఉంటుందని డాక్టర్ రోజూ వేసుకునే మాత్రలు రాశాడు.

టీకా కోసం మార్చిలో అమ్మను తీసుకుని 280 కిలోమీటర్లు హైదరాబాద్ పోయాం. మొదటి రోజు తిరుగు ముఖమే. ముందుగా పేరు రాయించుకోవాలని మాకు ఎవరూ చెప్పలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. చుట్టాల ఇంట్లో రెండు రాత్రులు పడుకుని మళ్లీ పోయాం. లోపల డాక్టరమ్మ అమ్మ ఆధార్ చూసి పెన్ను కింద పెట్టింది. అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఈ టీకా వేస్తే, అరుదుగానే అయినా, తీవ్రమైన ఇబ్బందులు వచ్చే అవకాశం చిన్నవాళ్ల కంటే ఎక్కువట. అమ్మకు 67. బీపీ, షుగర్, పాత జబ్బులు అన్నీ అడిగింది. పదేళ్ల కింద అమ్మకు వచ్చిన కామెర్ల గురించి రెండుసార్లు అడిగింది. "మీ డాక్టర్‌కు చూపించుకుని, అన్నీ ఆలోచించుకుని రండి" అంది. కోప్పడలేదు, తొందరపెట్టలేదు. మా బడికి వచ్చే అధికారుల్లో ఇలాంటి ఓపిక నేను చూడలేదు.

నాకు వేసింది. మా ఊరి డాక్టర్ అమ్మకు వద్దన్నాడు. టీకా వద్దని డాక్టర్ రాసిస్తే కాగితం చూపించి పోవచ్చని కొందరన్నారు. కానీ కాగితాన్ని చూసి దోమ ఆగదు కదా. బస్సులో వచ్చేటప్పుడు అమ్మ మంథని దాకా మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు పోయి చూసిరా బిడ్డా. దాని ఇల్లు ఎట్లున్నదో నాకు చెప్పు" అంది.

అంటే నేను ఒక్కదాన్నే పోవాలి. ముంబైలో ఎక్కి అడిస్ అబాబాలో మారాలి. నాగ్‌పూర్ దాటి ఒంటరిగా పోని మనిషిని. టెన్షన్ లేదంటే అబద్ధం.

డాలర్లది వేరే కథ. కిన్షాసాలో కాంగో ఫ్రాంక్‌తో పాటు డాలర్లు కూడా నడుస్తాయి. కానీ డాలర్ నోటు మీద గీత ఉండొద్దు, చిరుగు ఉండొద్దు, మరీ పాతది అయి ఉండొద్దు. వాళ్ల సొంత నోట్లు మాత్రం మా సంతలో పది రూపాయల నోటు కంటే అధ్వాన్నంగా నలిగి ఉన్నా తీసుకుంటారట. నేను మార్చుకొచ్చిన నోట్లను ఒక్కొక్కటే వీడియో కాల్‌లో చెల్లెకు చూపించాను. "వెనక్కి తిప్పు. దీపం కాడ పెట్టు. ఆ మూల చూపియ్యి." ఒక యాభై నోటు మూలన వెంట్రుక వాసి చిరుగు దొరికింది. నా కంటికి ఆనలేదు, ఫోన్లో ఏడున్నర వేల కిలోమీటర్ల అవతల దాని కంటికి ఆనింది. ఇంకోదాని మీద ఎవరో నీలి సిరాతో చిన్న టిక్కు పెట్టారు. రెండూ పట్టుకుని పోతే ఇచ్చినాయన మళ్లీ తీసుకోనన్నాడు. నేను పంతులమ్మనని ఆయనకు తెలియదు పాపం. అరగంటలో మార్చిచ్చాడు.

రాలేకపోయినా ప్రయాణం మాత్రం అమ్మ చేతుల్లోనే ఉంది. పోయిన ఆదివారం చెల్లెను ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఆడ పుంటికూర దొరుకుతదా?" చెల్లె లోపలికి పోయి ఒక కట్ట తెచ్చి చూపించింది. ఎర్ర కాడలు, వేళ్లలా చీలిన ఆకులు. అక్కడ దాన్ని ఎన్‌గాయ్ ఎన్‌గాయ్ అంటారట, చేపలతో వండుతారట. మా పుంటికూరే, మరాఠీ వాళ్ల అంబాడే. అమ్మ నమ్మలేదు.

"ఒక ఆకు తెంపి నోట్లె ఏసుకో."

చెల్లె వేసుకుంది. ఒక కన్ను మూసుకుపోయి మొహమంతా ముడుచుకుంది.

"ఆఁ, అదే," అంది అమ్మ. "అయితే పచ్చడి నూరి పంపుడు వద్దు. ఎండు మిరపకాయలు, ఎల్లిపాయలు, ధనియాలు పంపుత, ఆడనే నూరుకో."

అప్పటి నుంచి వాకిట్లో మిరపకాయలు ఆరుతున్నాయి. పత్తి తూచే కాటా మీద నా సంచి పెట్టి రోజూ బరువు చూస్తోంది. నిన్నటికి ఇంకా ఎనిమిది కిలోల జాగా ఉంది. ఈ పూట చూస్తే శాలువా తీసి బల్ల మీద పెట్టి, ఆ చోట్లో సకినాల డబ్బా ఇరికించింది. శాలువా భుజాన వేసుకుని పొమ్మంటోంది, 45 డిగ్రీల్లో.