ఆ ఫ్రీ లంచ్ పర్సెంటేజీ
ఇక్కడ అమెరికాలో మా పెద్దోడిని సిక్స్త్ గ్రేడ్‌కి పబ్లిక్ మిడిల్ స్కూల్లో ఎన్‌రోల్ చేస్తుంటే ఫామ్‌లో రేస్ (జాతి) కాలమ్ వచ్చింది, ఏషియన్ అని టిక్ పెట్టేసా, మనోళ్ళూ చైనా వాళ్ళూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ అందర్నీ ఒకే గాటన కట్టేస్తారు అందులో. తర్వాత ఎన్‌సీఈఎస్ (ప్రభుత్వ విద్యా గణాంకాల సంస్థ) సైట్‌లో స్కూల్ డేటా చూస్తే ఫ్రీ లంచ్ పర్సెంటేజీ చాలా ఎక్కువుంది, పేద పిల్లలే ఎక్కువేమో అని మా ఆయనైతే కంగారుపడిపోయారు 😅 తీరా చూస్తే అది సీఈపీ (కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్) అనే స్కీమ్‌లో ఉన్న స్కూలంట, అంటే ఇన్‌కమ్ ఫామ్ అడక్కుండా పిల్లలందరికీ ఫ్రీగా పెడతారు, 2023లో ఆ స్కీమ్‌లో చేరడానికి స్కూల్లో ప్రభుత్వ సాయం పొందే కుటుంబాల పిల్లలు కనీసం ఇంతమంది ఉండాలనే లిమిట్ కూడా 40 నుంచి 25 శాతానికి తగ్గించారు, ఇంక ఆ నంబర్ చూసి ఎంతమంది పేదోళ్ళో ఎలా చెప్తాం? అయినా ఇల్లు కొనేవాళ్ళు దాన్ని చూసే ఏరియా వద్దనుకుంటున్నారు, అదే చిరాకు. నేనైతే ఒక్కో టీచర్‌కి ఎంతమంది పిల్లలో చూసి సంతకం పెట్టేసా.