గిన్నె ఖాళీ అయ్యేది, బూరె చిక్కిపోయేది

మా అమ్మాయి ఇంటర్ చదువు కోసం హాస్టల్‌కు వెళ్తూ తన హామ్‌స్టర్‌ను, అంటే ఎలుకలా ఉండే చిన్న పెంపుడు జంతువును, నాకు అప్పగించింది. బంగారు రంగు బొచ్చుతో గుండ్రంగా ఉంటుందని దానికి బూరె అని పేరు పెట్టుకుంది. భీమవరంలోని మా ఇంట్లో ఒకప్పుడు గేదెలనే సాకాము గనుక, అరచేతిలో ఇమిడే ఈ ప్రాణిని చూసుకోవడం ఒక పనే కాదనుకున్నాను. రాత్రి వేసిన గింజలు తెల్లవారేసరికి గిన్నెలో ఉండేవి కావు. అది చూసి బూరె కడుపునిండా తింటోందని నేను నిశ్చింతగా ఉండేదాన్ని.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం దానిని చేతిలోకి తీసుకుంటే గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది, వెన్నెముక వేళ్ళకు తగిలింది. అనుమానం వచ్చి పంజరంలోని పొట్టు ఎత్తి చూస్తే, ఒక మూలన పొద్దుతిరుగుడు గింజలు తొక్క కూడా చెదరకుండా కుప్పగా ఉన్నాయి. హామ్‌స్టర్లకు బుగ్గల లోపల భుజాల దాకా సాగే సంచులు ఉంటాయి. బూరె గింజలను వాటిలో నింపుకొని దాచుకుంటోందే తప్ప ఒక్కటీ కొరకలేకపోతోంది. వంటింటి తూకం మీద పెడితే 92 గ్రాములు వచ్చింది. అమ్మాయి తన పుస్తకంలో రాసిపెట్టిన బరువు 131.

పెదవి తొలగించి చూస్తే కింది ముందుపళ్ళు రెండూ పక్కకు వంగి, పైపళ్ళను దాటి పెరిగిపోయాయి. అవి పసుపు రంగులో ఉండటం చూసి అదే జబ్బనుకున్నాను గాని, పెరిగిన హామ్‌స్టర్‌కు ఆ రంగు సహజమేనని తరువాత తెలిసింది. దానిని కొన్న దుకాణానికి తీసుకువెళ్తే అక్కడి అబ్బాయి, "దీనికి డాక్టరెందుకండీ" అని గోళ్ళ కత్తెరతో పళ్ళు టకటకా కత్తిరించేశాడు. ఆ తరువాత పది రోజుల పాటు బూరె నానబెట్టిన ఓట్స్ తిన్నది. అప్పుడు ఒక పన్ను నిలువునా చీలి ఉండటం, నోరు ముట్టుకుంటే అది విలవిలలాడటం గమనించాను.

మా పశువుల ఆసుపత్రి డాక్టరుగారు నిజాయితీగా, "గేదె పళ్ళు చూసి వయసు చెప్పమంటే చెబుతానమ్మా, దీనికి మత్తు ఇచ్చే సాధనం నా దగ్గర లేదు" అని, చిన్న జంతువులను చూసే వైద్యురాలి దగ్గరకు విజయవాడ వెళ్ళమన్నారు. ఎండ ముదరకముందే చేరాలని తెల్లవారుజాము రైలెక్కి, తువాలులో చుట్టిన చన్నీళ్ళ సీసాను దాని డబ్బా పక్కన పెట్టుకొని, ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా ఆ ప్రయాణం చేశాను.

ఆవిడ ముందుగా దాని బుగ్గ సంచులు ఖాళీ చేశారు. ఆపైన చిన్న మాస్కుతో మత్తువాయువు పట్టించి, పళ్ళ డాక్టర్లు వాడే, గిర్రున తిరిగే సన్నని బర్ అనే పనిముట్టుతో పళ్ళను సరైన ఎత్తుకు కోసి, చీలిన అంచును నునుపు చేశారు. మొత్తం కొద్ది నిమిషాల పని. హామ్‌స్టర్‌కు ఉన్న 16 పళ్ళలో ముందున్న 4 మాత్రమే జీవితాంతం పెరుగుతాయని, వాటికి ముందువైపే గట్టి పింగాణి పొర ఉండి వెనుకభాగం మెత్తన గనుక, ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉలి అంచులా అరుగుతాయని ఆవిడ వివరించారు. ఒకటి పక్కకు తిరిగితే ఎదుటి పన్నుకూ ఒరిపిడి ఉండదు. వదిలేస్తే పైపన్ను వంకర తిరిగి అంగిట్లోకి దిగుతుందట. కత్తెర నొక్కుడుకు పన్ను చీలి, ఆ చీలిక వేరు దాకా పోతే చీము పట్టవచ్చని కూడా చెప్పారు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ చుక్కలు వేద్దామని మా వారు అనడం గుర్తొచ్చి అడిగాను. ఆవిడ ముఖం మారిపోయింది. అలాంటి పెన్సిలిన్ జాతి మందులు హామ్‌స్టర్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి ప్రాణమే తీయగలవట.

రాత్రిళ్ళు పంజరం ఊచలు కొరకడమే దీనికి కారణమై ఉండవచ్చని ఆవిడ అభిప్రాయం. ఆ చప్పుడు నేను రోజూ వింటూనే, ఆడుకుంటోందనుకునేదాన్ని.

తరువాతి వారం సులువుగా గడవలేదు. నొప్పి మందు చుక్కలు వేస్తూ, ఉడికించిన గుమ్మడిముక్క, గుడ్డు తెల్లసొన, మెత్తని ఓట్స్ కలిపి, సూది తీసిన సిరంజితో రెండేసి గంటలకు కొంచెం కొంచెంగా పట్టించాను. అయిదో రోజున సిరంజిని ముందుకాళ్ళతో తోసేసి గిన్నె దగ్గరకు తానే వెళ్ళింది. పళ్ళు వంకరగానే పెరుగుతుండటంతో నాలుగేసి వారాల ఎడంతో మరో రెండుసార్లు విజయవాడ వెళ్ళవలసి వచ్చింది. మూడోసారి కోసేనాటికి చీలిన భాగం పైకి పెరుగుతూ వచ్చి కోతల్లో పూర్తిగా పోయి, కొత్త పన్ను నిటారుగా వచ్చింది.

ఊచల పంజరం తీసేసి, పైన జాలీ మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టిలోకి మార్చాము. పెరట్లోని జామకొమ్మల ముక్కలు, శుభ్రంగా గీకిన కొబ్బరిచిప్పలు అందులో వేస్తున్నాను. ప్రతి ఆదివారం తూకం వేసి క్యాలెండరు మీద రాస్తున్నాను. మొన్నటి అంకె 124. గిన్నె ఖాళీ అయినా ఇప్పుడు మూలన పొట్టు ఎత్తి, తొక్కలున్నాయా గింజలున్నాయా అని చూస్తాను. రాత్రి కొబ్బరిచిప్ప గీకే చప్పుడుకు మా వారికి నిద్ర పట్టడం లేదు గనుక, తొట్టిని హాలులోకి మార్చవలసి వచ్చింది.