ఫ్రెంచ్ బ్రాడ్ మీద పడవ ప్రయాణం

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు షార్లెట్‌లో ఉండే తెలుగువాళ్ళకి అదే రాష్ట్రంలోని ఆష్‌విల్ కొత్త కాదు. వీకెండ్ వస్తే కారెక్కి బిల్ట్‌మోర్ ఎస్టేట్, బ్లూ రిడ్జ్ పార్క్‌వే చూసి వచ్చేస్తాం. ఆ ఊళ్ళోంచి పారే ఫ్రెంచ్ బ్రాడ్ నదిని వంతెన దాటుతూ ఒకసారి చూస్తామేమో, అంతే. 2023 వేసవిలో నేనూ మా బావా ఆ నది మీదే ఆష్‌విల్ చేరాలని రోజ్మన్‌లో కెనూ, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవ, దించాం.

నార్త్ కరోలినా పడమటి కొండల్లో రోజ్మన్ చిన్న ఊరు. అక్కడే పాయలు కలిసి ఫ్రెంచ్ బ్రాడ్ అవుతుంది. బ్రెవార్డ్, ఆష్‌విల్, మార్షల్, హాట్ స్ప్రింగ్స్ మీదుగా ఉత్తరానికి పారి టెనెసీలో అడుగుపెడుతుంది. రోజ్మన్ నుంచి అక్కడి డగ్లస్ లేక్ దాకా సుమారు 140 మైళ్ళ పడవదారిని 2012లో ఏర్పాటు చేశారు. దాని పేరు ఫ్రెంచ్ బ్రాడ్ ప్యాడిల్ ట్రైల్. చూసుకునేది మౌంటెన్‌ట్రూ అనే స్వచ్ఛంద సంస్థ.

నీళ్ళు ఎలాగూ పారుతున్నాయి, మళ్ళీ దారి వేయడమేంటని మా బావ అడిగాడు. మొదటి సాయంత్రమే జవాబు దొరికింది. పడవలో ఎంత దూరమైనా పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఒడ్డున కాలు పెడితే మాత్రం అది ఎవరిదో మొక్కజొన్న చేనో, గడ్డి పొలమో. చీకటి పడేవేళకి గుడారం ఎక్కడ వేసుకోవాలి? మంచినీళ్ళెక్కడ? ఏ రేవులో దిగితే కారు దొరుకుతుంది? ఈ మూడింటికీ ఏర్పాటు ఉంటేనే నది దారి అవుతుంది. అందుకోసం ఎవరో ఒకరు రైతుల ఇళ్ళకి వెళ్ళి, కాఫీ తాగుతూ, "మీ ఒడ్డున రెండు గుడారాల చోటివ్వండి" అని అడగాలి. పడవవాళ్ళు చెత్త పడేస్తారని, ఎవరైనా జారిపడితే కేసు తమ మీదికొస్తుందని రైతుల భయం. ఆ భయం పోగొట్టడమే అసలు పని. మ్యాప్ గీయడం దాని ముందు ఎంత!

మేం ఆగిన క్యాంప్‌సైట్‌కి గుర్తు చెట్టుకి కొట్టిన చిన్న చెక్క బోర్డు. నీళ్ళవైపు నుంచి వచ్చేవాళ్ళకే అది కనిపిస్తుంది. నిట్టనిలువు బురద ఒడ్డు. దాన్ని తవ్వి, మెట్టు మెట్టుకీ ఒక దుంగ అడ్డం పెట్టి, జారకుండా ఇనుప చువ్వలు దిగ్గొట్టారు. సామాను నిండిన కెనూని ఆ మెట్ల మీదుగా లాగుతుంటే, ఆ దుంగల్ని అక్కడిదాకా మోసుకొచ్చినవాళ్ళకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

పై భాగంలో నది వంకర్లు తిరుగుతూ నిదానంగా పారుతుంది. నిదానమే కదా అనుకోకూడదు. వంపుల దగ్గర ఒడ్డు కోసుకుపోయి చెట్లు నీళ్ళలోకి ఒరిగిపోతాయి. నీరు కొమ్మల్లోంచి దూరిపోతుంది, పడవా మనిషీ అక్కడే ఇరుక్కుపోతారు. "బావా, ఎడమకి లాగు, ఎడమకి!" అని నేను అరవని వంపు లేదు. బయల్దేరేముందు రోజ్మన్, బ్లాంటైర్ దగ్గరి ప్రభుత్వ గేజ్‌లలో నీటిమట్టం చూసుకోవాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. వానలు కురిసిన మర్నాడు నీళ్ళలో దిగకపోవడమే మంచిది. పశువుల పేడ, సెప్టిక్ ట్యాంకుల మురుగు కొట్టుకొస్తాయి. వేసవిలో మౌంటెన్‌ట్రూ వాళ్ళు నీళ్ళు పరీక్షించి ఫలితాలు బయటపెడతారు.

ఆష్‌విల్ దిగువన డ్యామ్‌లు అడ్డం. వాటి దగ్గర పడవ ఒడ్డుకి తీసి మోసుకెళ్ళాలి. ఇంకా కింద బార్నార్డ్ అనే చోటు దాటాక నీళ్ళ ఉరవడి మాలాంటివాళ్ళకి మించింది. అందుకని ఆ భాగం గైడ్‌తో రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో చేశాం.

మధ్యలో మార్షల్‌లో ఆగాం. కొండకీ నదికీ మధ్య ఇరుకు జాగాలో ఒకే వీధిగా ఉంటుంది ఆ ఊరు. ఒకప్పుడు నది వెంటే బంకోంబ్ టర్న్‌పైక్ అనే సుంకం రోడ్డు ఉండేది, 1828లో పూర్తయింది. టెనెసీ నుంచి పందుల మందల్ని, టర్కీ కోళ్ళని కూడా దాని మీద తోలుకొచ్చేవారు. మందలకి మేత, మనుషులకి మకాం ఇచ్చే సత్రాలు దారి పొడవునా వెలిశాయి. ఇప్పుడు మాలాంటి పడవవాళ్ళు తిండికి, గదికి ఆ ఊళ్ళలోనే ఖర్చుపెడుతున్నారు. హాట్ స్ప్రింగ్స్‌కి ఇది అలవాటే, కొండల వెంట పోయే పొడవాటి కాలినడక దారి అపలాచియన్ ట్రైల్ ఆ ఊరి మెయిన్ రోడ్డు మీదుగానే పోతుంది.

2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫాను వచ్చింది. ఆష్‌విల్ దగ్గర నది 24.67 అడుగులకి లేచి 1916 వరద రికార్డుని దాటేసింది. మార్షల్ వీధి మునిగిపోయింది. ఆ వీడియోలు చూస్తూ ఇంట్లో ఎవరం మాట్లాడలేకపోయాం.

తర్వాతి ఏడాది చెత్త తీయడానికి వెళ్ళాం. చెట్ల కొమ్మల్లో, మా తలలకి చాలా ఎత్తున, తెల్లటి పీవీసీ పైపులు చిక్కుకుని ఉన్నాయి. ఒక్కో పైపు లాగడానికి ఇద్దరు కావాలి. మెట్లు మళ్ళీ కట్టొచ్చు, బోర్డులు మళ్ళీ కొట్టొచ్చు. పొలం మీద ఇసుక మేట వేసిన రైతుని, కంచె కొట్టుకుపోయిన రైతుని ఇప్పుడు వెళ్ళి గుడారాలకి చోటు అడగడం ఎలా? మాతో పైపులు లాగినవాళ్ళలో ఒకావిడ చెప్పింది, ముందు ఆ కంచెలు వేయడానికి వెళ్తున్నామని. వచ్చే నెల పనికి మా ఇద్దరి పేర్లూ రాయించి వచ్చాం.