తమ్ముడి సిస్టమ్, లష్కర్ బోనాల ముందు రోజు

2024 జూలై 20, శనివారం

పొద్దున ఎనిమిదింటికల్లా తమ్ముడు తయారై కూర్చున్నాడు. గేములాడుకోడానికి విడిభాగాలు కొని కంప్యూటర్ సిస్టమ్ బిగించుకోవాలని వాడి కోరిక. చేతిలో కాలేజీ నోట్‌బుక్కు. చివరి పేజీలో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ అని వరసగా రాసుకున్నాడు. పక్కన ధరలు, కొట్టివేతలు, మళ్లీ ధరలు. ఏడాదిగా సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పి 42,000 కూడబెట్టాడు. నేనో 13,000 కలుపుతానన్నాను. మొత్తం 55,000. మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే వాడుకుంటాడు. వాడి కష్టార్జితం కదా, ఒక్క రూపాయి కూడా వృథా పోకూడదని నాకు వాడికన్నా ఎక్కువ టెన్షన్.

తార్నాకలో మెట్రో ఎక్కాం. కూర్చోగానే లిస్టు మీద చర్చ మొదలు. వాడు రైజెన్ 5 5600జీ అనే ప్రాసెసర్ రాసుకున్నాడు. "అందులోనే గ్రాఫిక్స్ ఉంటది కదా అక్కా, ఎప్పుడైనా కార్డు పాడైతే పనికొస్తది" అన్నాడు. ఆలోచన మంచిదే. కానీ తెరమీద బొమ్మ నడిపే గ్రాఫిక్స్ కార్డు విడిగా కొంటున్నప్పుడు ఆ 'జీ' వల్ల నష్టమే ఎక్కువ. దాంట్లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 16 ఎంబీ, మామూలు 5600లో 32. వాడు ఎక్కువగా ఆడే వాలరెంట్ లాంటి గేముల్లో ఫ్రేములు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మలు, పెరగాలంటే ప్రాసెసరే గట్టిగా ఉండాలి, అక్కడ ఈ క్యాష్ బాగా అక్కరకొస్తుంది. ఇంకో సంగతి, ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారిని పీసీఐఈ అంటారు. జీ రకంలో అది 3.0 వరకే ఉంటుంది, మామూలు 5600లో దానికి రెట్టింపు వేగమున్న 4.0. మేం అనుకున్న ఆర్‌ఎక్స్ 6600 కార్డేమో ఎనిమిది లేన్ల మీదే నడుస్తుంది. దారి అసలే సన్నం, వేగం కూడా సగానికి తగ్గిస్తే ఎలా? బోర్డు బీ450 కాకుండా 4.0 ఉన్న బీ550 తీసుకోవాలని నేను పట్టుబట్టింది కూడా ఇందుకే. వాడు పరేడ్ గ్రౌండ్ వచ్చేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసి 'జీ' కొట్టేశాడు.

ప్యారడైజ్‌లో దిగాం. రేపు లష్కర్ బోనాలు. ఆ సందడంతా సికింద్రాబాద్ రోడ్ల మీద ఈరోజే కనిపిస్తోంది. జనంలోంచి నడుచుకుంటూ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. ఆ పేరు చెబితే ఆటోవాళ్లు కూడా ఒక క్షణం ఆలోచిస్తారు, సీటీసీ అంటే టక్కున తెలుస్తుంది. ఒకటే పార్టుకు నాలుగు షాపుల్లో నాలుగు ధరలు. అడగడానికి మొహమాటపడకుండా తిరగాలి, అంతే.

ప్రాసెసర్ 11,800, కార్డు 19,900, బోర్డు 8,700. కార్డు దగ్గర తమ్ముడి మనసు కాసేపు ఆర్‌టీఎక్స్ 3050 అనే ఇంకో కార్డు వైపు లాగింది. రే ట్రేసింగ్ (వెలుగునీడలు సహజంగా చూపించడం), డీఎల్ఎస్ఎస్ (తక్కువ పిక్సెళ్ల బొమ్మను ఏఐతో పెంచి ఫ్రేములు పెంచడం) కావాలంటే దాని వైపు వెళ్లొచ్చు. కానీ 1080పీ మానిటర్ మీద మామూలుగా ఆడుకునేవాళ్లకు 6600 చాలా ముందుంటుంది. ర్యామ్ 16 జీబీ ఒకటే స్టిక్ కాకుండా ఎనిమిది, ఎనిమిది రెండు తీసుకున్నాం, 3,300. రెండుంటే డ్యూయల్ చానల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, నడుస్తుంది. ఫైళ్లు దాచుకునే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,200.

అసలు గొడవ ఎస్‌ఎంపీఎస్ దగ్గర, అంటే సిస్టమ్‌లో అన్నిటికీ కరెంటు అందించే డబ్బా దగ్గర.

లిస్టులో క్యాబినెట్‌కు 6,500, ఎస్‌ఎంపీఎస్‌కు 1,100 రాసి ఉంది. ముందువైపు గాజు, లోపల రంగులు మారే ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్ వాడికి ఎప్పటినుంచో ఇష్టం. ఆ 1,100 అంకె చూడగానే నాకు వరంగల్‌లో నాన్న జిరాక్స్ షాపు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఓ ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. బల్లకింద టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డునూ హార్డ్ డిస్కునూ తీసుకుపోయింది. నానమ్మ పాత ఫోటోలు నాన్న స్కాన్ చేసి అందులోనే పెట్టాడు. అసలు ఫోటోలు అప్పటికే చెదలు పట్టి పోయాయి. నానమ్మ పెళ్లినాటి ముఖం ఎలా ఉండేదో చూపించడానికి ఇప్పుడు మా దగ్గర ఏమీ లేదు.

షాపులో ఆ 1,100 డబ్బా తీయించి, ఫోన్ టార్చ్ వేసి లేబుల్ చదివించాను. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు. కింద చిన్న గడిలో 12 వోల్టుల లైనుకు 16 ఆంప్స్. "గుణించు" అన్నాను. 192 వాట్లే. ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్టుల మీదే. కార్డుకే 132 వాట్లు కావాలి, ప్రాసెసర్ పేరుకు 65 అయినా లోడ్ పడితే ఇంకా లాగుతుంది. పక్కనే 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) ఉన్న 550 వాట్లది పెట్టించాను. దాని మీద 12 వోల్టులకు 45 ఆంప్స్, అంటే 540 వాట్లు. రాసిన వాట్లు దాదాపు అన్నీ ఆ లైను మీదే ఇస్తుంది. రెండు డబ్బాలూ చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు. రెండోదే చాలా బరువు.

అది 4,300. గాలి బాగా ఆడే జాలీ ముఖం క్యాబినెట్ 3,300. రెండూ కలిపితే 7,600. వాడు ఆ రెంటికీ అనుకున్న మొత్తమూ అదే. గాజు క్యాబినెట్ వైపు ఒకసారి చూసి "ఇదే ఇవ్వండన్నా" అన్నాడు. వాడి ముఖం చూస్తే నాకు బాధేసింది. అయినా సరే, మాట మార్చలేదు. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకున్నాం. మొత్తం 54,500.

సాయంత్రం హాల్లో దుప్పటి పరిచి బిగించడం మొదలుపెట్టాం. ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్‌కు స్క్రూలు ఉంటాయి, కాబట్టి బోర్డు మీదున్న రెండు ప్లాస్టిక్ పట్టీలు ముందు విప్పాలి. విప్పగానే వెనకాల ఉన్న ఇనుప పలక ఊడి కింద పడింది. తమ్ముడు హడలిపోయాడు. దాన్ని పట్టి ఉంచేది ఆ స్క్రూలే, విప్పితే పడుతుంది. నేను కింద నుంచి వేళ్లతో ఆనించి పట్టుకుంటే వాడు పైనుంచి ఒక మూల కొంచెం, దాని ఎదురు మూల కొంచెం తిప్పుతూ బిగించాడు. ఊపిరి బిగబట్టి చేశాడు. చివరి స్క్రూ పూర్తయ్యాక చూస్తే మెడంతా చెమట.

మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది. ఇద్దరికీ గుండె ఆగినంత పనైంది. చూస్తే హెచ్‌డీఎంఐ వైరు బోర్డుకు పెట్టాం. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు, ఆ పోర్టులో బొమ్మ రాదు. కార్డుకు మార్చగానే వచ్చింది. ర్యామ్ 2400లో నడుస్తోంది, బయాస్‌లోకి, అంటే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే 3200కు ఎక్కింది. ఆ అంకె మారడం చూసి వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

రాత్రి నాన్న వీడియో కాల్ చేశాడు. వాడు ఫ్యాన్లు చూపించాడు, కార్డు చూపించాడు, ఇరవై నిమిషాల్లో విండోస్ ఎక్కించానని చెప్పాడు. నాన్న అన్నీ విని, "ఆ ఎస్‌ఎంపీఎస్ ఏది, చూపించు" అన్నాడు. ఈ క్యాబినెట్‌లో అది కింద మూతలో దాగి ఉంటుంది, వెనకాల స్విచ్ ఒక్కటే కనిపిస్తుంది. వాడు ఫోన్ అక్కడ పెట్టి పట్టుకున్నాడు. నాన్న కాసేపు చూశాడు.

"పడుకునేముందు ఆ స్విచ్ బంద్ చెయ్యి బిడ్డా. ప్లగ్గు కూడా తియ్యి."

ఇప్పుడు పన్నెండు దాటింది. బయట ఎక్కడో డప్పులు వినిపిస్తున్నాయి. వాడు ప్లగ్గు తీసి, వైరు చుట్టి క్యాబినెట్ మీద పెట్టి పడుకున్నాడు.