హెండన్‌లో కాన్పూరు విమానం

మా అమ్మాయి ఇంట్లో 21 రోజులు ఉండి వచ్చిన నన్ను లండన్‌లో ఏమేం చూశారని అడిగిన వాళ్లందరికీ ఒకే జవాబు చెబుతున్నాను: రెండవ ప్రపంచ యుద్ధం నాటి లిబరేటర్ అనే అమెరికన్ బాంబరు విమానాన్ని చూశాను. థేమ్స్ ఒడ్డున నడిచాను, రాజుగారి కోట గేటు ముందు అందరితోపాటు నిలబడ్డాను, వానలో తడిశాను. కానీ వాటిని గురించి చెప్పడానికి నా దగ్గర కొత్త మాట ఒక్కటీ లేదు. హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో మనవడితో గడిపిన ఒక బుధవారం మాత్రం మిగిలిన 20 రోజులనూ పక్కకు నెట్టి నిలబడింది.

కాలిండేల్ స్టేషన్‌లో దిగి నడుస్తూ, దారిలో ఒక చిన్న దుకాణంలో టీ తాగాను. మూడు పౌండ్లు తీసుకున్నారు. పౌండ్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవద్దని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు. పాలు సగం కలిసిన ఆ టీకి మూడు వందల రూపాయలకు పైగా ఇచ్చానన్న బాధ మ్యూజియం గేటు దాకా నా వెంట వచ్చింది. అయితే లోపలికి ప్రవేశం ఉచితమని తెలిశాక మనసు కొంత కుదుటపడింది. హైదరాబాదులో ఏ చిన్న ప్రదర్శనశాలకు వెళ్లినా టికెట్టుకు ఒక రేటు, కెమెరాకు ఇంకొక రేటు చెల్లించడం అలవాటైన మనకు, ఇన్ని విమానాలను ఊరికే చూడనివ్వడం పెద్ద విషయమే.

హెండన్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది స్పిట్‌ఫైర్ కోసం వెళతారు. ఆ విమానం అందాన్ని నేను కాదనను. దాని రెక్క అంచు గీసిన వంపును చూస్తే ఎవరికైనా చేయి చాచి తడమాలనిపిస్తుంది. బాంబర్ల హ్యాంగర్‌లో జనం లాంకాస్టర్ చుట్టూ మూగి ఉన్నారు. ముక్కు పక్కన వరుసలుగా గీసిన బాంబు గుర్తులు ఆ ఒక్క విమానం 137 దాడులకు వెళ్లి వచ్చిందని చెబుతాయి. మా మనవడు వాటిని లెక్కపెడుతూ అక్కడే ఆగిపోయాడు. నేను మాత్రం ఆ జనాన్ని దాటుకుని, ఎత్తుగా, బల్లపరుపు పక్కలతో, రెండు నిలువు తోకలతో ఉన్న ఆ భారీ లిబరేటర్ ముందుకు వెళ్లి నిలబడ్డాను. దానిని నడిపినవాళ్లే దానిని గూడ్సు రైలు డబ్బాతో పోల్చేవారు. నాకు మాత్రం ఇరవయ్యో శతాబ్దపు యుద్ధ విమానాలన్నింటిలోనూ ఇదే అత్యంత ఇష్టమైనది. అందుకు కారణం మా నాయన.

మాది హిందూపురం. మా నాయన 1948లో, పందొమ్మిదేళ్ల వయసులో, రేకు పని చేతిలో పెట్టుకుని బెంగళూరు రైలెక్కి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో చేరారు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ఆ ఫ్యాక్టరీ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ విమానాల మరమ్మతు కేంద్రంగా మారింది. లిబరేటర్లు, కాటలీనాలు, డకోటాలు అక్కడికి వచ్చి బాగుపడి వెళ్లేవి. అందువల్ల ఆ విమానపు ఎముకలు, నరాలు అక్కడి పనివాళ్లకు అప్పటికే తెలుసు. ఇది ముఖ్యమైన విషయం. తరువాత జరిగిన పనిని అద్భుతమని చెప్పి వదిలేసేవాళ్లు ఈ వెనకటి చదువును మరిచిపోతారు.

అమెరికా ఆ విమానాలను బ్రిటన్‌కు లెండ్-లీజు ఒప్పందం కింద, అంటే యుద్ధం కోసం అరువుగా ఇచ్చింది. యుద్ధం ముగిశాక వాటిని ఊరికే వాడుకలో ఉంచుకోవడానికి ఒప్పందం ఒప్పుకోదు, వెనక్కి తీసుకుపోవడం అమెరికాకు అక్కరలేదు. దానితో కాన్పూరు దగ్గర చకేరీ మైదానంలో బారులు తీరిన లిబరేటర్లను మళ్లీ ఎవరూ ఎగరేయకుండా బ్రిటిషువాళ్లు పాడుచేసి వదిలారు. ఇంజన్లలో ఇసుక పోశారు, లోపలి మీటర్లను పగలగొట్టారు, రేకులను చీల్చారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన వాయుసేనకు భారీ బాంబర్లు కావలసి వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. ఫ్యాక్టరీ మనుషులు చకేరీకి వెళ్లి, ఒకదాని రెక్క, మరొకదాని చక్రం, ఇంకొకదాని ఇంజను తీసి, బెంగళూరు దాకా ఎగరగలిగితే చాలు అన్నంత మేరకు ఒక్కొక్కదాన్నీ నిలబెట్టారు. ఫ్యాక్టరీ టెస్ట్ పైలట్ జంషెడ్ కైకోబాద్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా సుమారు 1500 కిలోమీటర్లు నడిపించుకుని తెచ్చేవారు. అసలు మరమ్మతు బెంగళూరులో మొదలయ్యేది. 1948 నవంబరులో ఏర్పడిన వాయుసేన 5వ స్క్వాడ్రన్ ఆ విమానాలతోనే మొదలైంది. మొత్తం దాదాపు 40 లిబరేటర్లు ఇలా బతికాయి.

మున్షీగారి విమానం దిగుతుంటే పని ఆపి బయటికి పరుగెత్తేవాళ్లమని మా నాయన చెప్పేవారు. నాలుగు ఇంజన్లూ ఒకే గొంతుతో పలుకుతున్నాయా, ఏదైనా దగ్గుతోందా అని చెవులతోనే పసిగట్టేవారట. మా నాయన సన్నగా ఉండేవారు కనుక ఆయనను రెక్క లోపలికి పంపేవారు. బయట ఒకతను రివెట్ గన్ పట్టుకుంటే, లోపల ఈయన ఇనుప దిమ్మను అదిమి పట్టేవారు. దెబ్బకు రివెట్ వెనక వైపు బొడిపెలా అణగాలి, రేకు మాత్రం నొక్కుకుపోకూడదు. ఆ అలవాటు ఆయనను చివరిదాకా వదలలేదు. సంతలో బొక్కెన కొన్నా, పెనం కొన్నా, పిడి దగ్గరి రివెట్‌ను గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు బేరమాడేవారు. ఆయన పోయి ముప్పై ఏళ్లు కావస్తోంది. మా ఇంట్లో ఆయన ఎంచిన పెనం ఇంకా వదులు కాలేదు.

హెండన్‌లో నిలబడిన లిబరేటర్ ఆ దాదాపు 40లో ఒకటి. డెట్రాయిట్ సమీపంలోని విల్లో రన్‌లో ఫోర్డ్ కంపెనీ కట్టిన విమానం అది. ఆ కర్మాగారం పని జోరుమీద ఉన్నప్పుడు గంటకొక లిబరేటర్‌ను బయటికి పంపేది. బ్రిటిషు వాయుసేనలో దీని నంబరు కె.ఎన్. 751. యుద్ధం చివరిలో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో ఉన్న 99వ స్క్వాడ్రన్‌లో పనిచేసింది. ఆ స్క్వాడ్రన్ పేరులో ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అన్న మాట ఉంటుంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మా అనంతపురం జిల్లా కూడా భాగమే కదా అనుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది. తరువాత చకేరీ, ఆ తరువాత బెంగళూరు. మన వాయుసేనలో దానికి హెచ్.ఇ. 807 అన్న నంబరు వచ్చింది. సముద్రం మీద నిఘాకు పుణె నుంచి ఎగిరిన 6వ స్క్వాడ్రన్ 1968 డిసెంబరు దాకా లిబరేటర్లను వాడింది. దీనిని మన దేశం బ్రిటన్ మ్యూజియానికి కానుకగా ఇచ్చింది. 1974లో ఇది ఓడలో రాలేదు, విడి భాగాలుగా రాలేదు. తన రెక్కల మీద తానే ఇంగ్లండుకు ఎగిరి వచ్చింది. ఇలా మన దగ్గర బతికిన లిబరేటర్లు అమెరికాలోనూ, కెనడాలోనూ కూడా ఉన్నాయి.

మనవడు లెక్క ముగించుకుని వచ్చాడు. ఇదంతా వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించాను. వాడు కాసేపు ఆలోచించి, “తాతా, పగలగొట్టిందీ వీళ్లే, దాచిపెట్టిందీ వీళ్లేనా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు కోపంతో జవాబు చెప్పడం సులభం. కానీ ఆ ఇసుక పోసినవాళ్లు కూడా మా నాయనలాంటి మెకానిక్కులే. తాము రాత్రింబవళ్లు చూసుకున్న ఇంజన్లలో తమ చేతులతోనే ఇసుక పోయవలసి వచ్చినప్పుడు వాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. అదే వాడికి చెప్పాను. వాడు “పాపం” అన్నాడు.

పక్కనే బడిపిల్లలకు లాంకాస్టర్ గురించి చెబుతున్న ఒక పెద్దాయన, నా కంటే నాలుగైదేళ్లు పెద్దవారేమో, పిల్లలు వెళ్లాక మా దగ్గరికి వచ్చి ఏమైనా తెలుసుకోవాలా అని అడిగారు. నా ఇంగ్లీషు పాఠం చెప్పడానికి సరిపోతుంది కానీ ఇలాంటి చోట తడబడుతుంది. అయినా మా నాయన రెక్క లోపల కూర్చున్న సంగతి చెప్పాను. ఆయన మాట్లాడకుండా వెళ్లి ఒక టార్చి తెచ్చి, కంచె ఇవతల నుంచే రెక్క అడుగు భాగం మీదికి వెలుగు వేశారు. 110 అడుగుల పొడవున సన్నగా సాగే ఆ రెక్క కింద రివెట్ల వరుసలు ఒక్కసారిగా పైకి తేలాయి. కొన్ని వరుసలు గీత గీసినట్టున్నాయి, కొన్ని చోట్ల చిన్న రేకు అతుకులు ఉన్నాయి. ఆ అతుకులు ఎక్కడ, ఎప్పుడు వేసినవో చెప్పడానికి వీలులేదు. మూడు దేశాల చేతులు ఆ రెక్కను తాకి ఉంటాయి. నేను ప్రతి అతుకునూ చూశాను. ఆయన టార్చిని నా చూపు వెంట మెల్లగా జరుపుతూ వచ్చారు.

బాంబులుంచే గది తలుపును కూడా ఆయనే చూపించారు. మిగతా బాంబర్లలో చాలావాటి తలుపులు కిందికి తెరుచుకుంటాయి. లిబరేటర్ తలుపు మన దుకాణాల షట్టర్‌లాగా పక్కలమీదుగా పైకి చుట్టుకుంటుంది. పొట్ట నేలకు అంత దగ్గరగా ఉన్న విమానానికి వేరే తలుపు కుదరదు. లోపల ముందు నుంచి వెనక్కి వెళ్లాలంటే ఆ గది మధ్యలో ఒక అడుగు కూడా వెడల్పు లేని దిమ్మె మీద నడవాలి. మా నాయన ఆ దిమ్మె మీద సామాను సంచి భుజాన వేసుకుని చూడకుండా నడిచేవాడినని చెబితే, చిన్నప్పుడు నేను నమ్మలేదు. ఆ వెడల్పును కళ్లారా చూశాక, నమ్మనందుకు చాలా బాధపడ్డాను.

అదే మ్యూజియంలో 1918 నాటి డి.హెచ్. 9ఎ విమానం మీద నిజాం బహూకరించినట్టుగా హైదరాబాదు పేరు రాసి ఉంటుంది. తెలుగువాళ్లు వెళితే దానిని కూడా చూడాలి. ఆ రోజు నేను దాని ముందు రెండు నిమిషాలకంటే ఎక్కువ నిలబడలేక మళ్లీ లిబరేటర్ దగ్గరికే వచ్చాను.

బయలుదేరుతుండగా ఆ పెద్దాయన ఒక కాగితం, పెన్ను ఇచ్చి, మా నాయన పేరు, ఊరు, చేసిన పని రాసివ్వమన్నారు. ఇంగ్లీషులో రాశాను. కింద కొంత చోటు మిగిలితే తెలుగులో కూడా రాశాను. ఆయన తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి, దీన్ని ఎలా పలకాలని అడిగారు. మా మనవడు పలికి వినిపించాడు. ఆయన రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి మా నాయన పేరును సరిగ్గా పలికారు.