రివ్యూలూ, ఫెస్టూ, ప్రభలూ: ఫైనల్ ఇయర్ ఎలా గట్టెక్కానంటే

బీటెక్ ఫైనల్ ఇయర్ రెండో సెమిస్టర్‌లో క్లాసులు పెద్దగా ఉండవని సీనియర్లు చెబుతారు. నిజమే, ఉండవు. వాటి బదులు ప్రాజెక్టు రివ్యూలుంటాయి, ఫెస్ట్ పనులుంటాయి, సంక్రాంతికి ఊరెళ్లకపోతే అలిగే నానమ్మ ఉంటుంది. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. చదివింది కాకినాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచి. ఈ మూడింటినీ విడివిడిగా మోయడం నా వల్ల కాదని డిసెంబర్‌లోనే తెలిసిపోయింది. అందుకే ఒకదాని పని ఇంకోదానితో చేయించుకున్నాను. ఇల్లు ప్రాజెక్టుకి టెస్టింగ్ ల్యాబ్ అయింది, ఫెస్టేమో వైవాకి, అంటే చివరి మౌఖిక పరీక్షకి, రిహార్సల్ అయింది. ఈ ఏడాది ఫైనల్ ఇయర్‌లోకి వస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బ్యాచ్ సంగతి. మాకు రోల్ నంబర్ల వరసలో నలుగురేసి చొప్పున బ్యాచ్‌లు వేశారు. నచ్చినవాళ్లతో వేసుకుంటామని గొడవ చేశాం గానీ ఎవరూ వినలేదు. ఏ బ్యాచ్‌లో చూసినా కోడ్ రాసేవాళ్లు ఒకరు, పీపీటీ చేసేవాళ్లు ఒకరు, డబ్బులు సర్దేవాళ్లు ఒకరు, రివ్యూ రోజున మాత్రం ఇస్త్రీ చొక్కాతో దిగేవాళ్లు ఒకరు ఉంటారు. మా నాలుగో మనిషీ అచ్చం అలాగే. అతని వల్ల పడ్డ లాభం ఫెస్ట్ దగ్గర చెబుతాను.

జీరోత్ రివ్యూకి, అంటే పని మొదలుపెట్టకముందు జరిగే రివ్యూకి, టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ ఇవ్వాలి. మా బ్రాంచిలో ఏటా స్మార్ట్ డస్ట్‌బిన్, స్మార్ట్ పార్కింగ్, ముఖం చూసి అటెండెన్స్ వేసే కెమెరా వస్తూనే ఉంటాయి. రిపోర్టుతో సహా ప్రాజెక్టు అమ్మే సెంటర్లు కూడా ఉన్నాయి. కొనేద్దామని మా బ్యాచ్‌లో ఒకరు గట్టిగానే అన్నారు. నేను ఒప్పుకోలేదు. నీతి కోసం కాదు. కొన్న కిట్ రివ్యూలో మొరాయిస్తే ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో కూడా తెలియకుండా నిలబడాలి, ఆ భయం.

మా ఇంట్లో బాబాయ్ మోటారు వేసి పొలం వెళ్లిపోతాడు. ట్యాంకు పొంగి పెరడంతా చెరువైపోతుంది. ఆ సంగతే టాపిక్‌గా పెట్టాను: ట్యాంకులో నీటి మట్టం చూసి మోటారును దానంతటదే ఆపే పరికరం. మా గైడ్ మేడమ్ చూసి, "ఇది మరీ చిన్నదమ్మా, ఇంటర్ పిల్లలు కూడా చేసేస్తారు" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, "సరే, బల్ల మీద గ్లాసులో నీళ్లు పోసి చూపించొద్దు. నిజం ట్యాంకు మీద నెల రోజులు నడిపి డేటా తీసుకురా. అప్పుడు ఒప్పుకుంటాను" అన్నారు. హాస్టల్ ట్యాంకు జోలికి వెళ్లనివ్వరు. మిగిలింది మా ఇంటి ట్యాంకే.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు. ఇలాంటి ప్రాజెక్టు ఎంచుకున్నవాళ్లందరూ ఇదే చోట తంటాలు పడతారు. అల్ట్రాసోనిక్ సెన్సర్ మనకు వినపడని చప్పుడు పంపుతుంది. అది నీటికి తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తాం. అందరూ కొనే హెచ్‌సీ-ఎస్ఆర్04 చవకే గానీ, మూసి ఉన్న ట్యాంకులో ఆవిరి పట్టి తడిసిపోతుంది. తడవనిది కావాలంటే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ ఉంది. దానిదో తిరకాసు. సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరున్న వస్తువు దూరాన్ని అది సరిగ్గా చెప్పలేదు. ట్యాంకు నిండేకొద్దీ నీరు సెన్సర్‌కి దగ్గరవుతుంది కదా, సరిగ్గా మోటారు ఆపాల్సిన వేళకే రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి. మూతకి కన్నం పెట్టి, దాని మీద పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, సెన్సర్‌ని ఆ పైపు నెత్తిన బిగిస్తే సరిపోతుంది. పైపు వెడల్పుగా ఉండాలి. సన్నదైతే చప్పుడు పైపు గోడలకే తగిలి తిరిగొచ్చేస్తుంది.

సెన్సర్ రీడింగులు చదివి మోటారుని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32 వాడాం. దాని పిన్నులు 3.3 వోల్టులవి, సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ 5 వోల్టులది. మధ్యలో ఒక కిలో ఓమ్, రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెడితే వోల్టేజి దిగుతుంది. ఇక మోటారు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. నడిచేటప్పుడు లాగే కరెంటు కన్నా స్టార్టయ్యే క్షణాన లాగేది ఎన్నో రెట్లు ఎక్కువ. కిట్లలో వచ్చే నీలం రంగు రిలే (బోర్డు చెబితే పనిచేసే చిన్న స్విచ్) మీద 10 ఆంపియర్లు అని రాసుంటుంది గానీ దాన్ని నమ్మి మోటారు నేరుగా కలపకూడదు. ఆ రిలేతో కాంటాక్టర్‌ని, అంటే పెద్ద కరెంటు తట్టుకునే స్విచ్‌ని, మాత్రమే నడపాలి, మోటారు సంగతి కాంటాక్టర్ చూసుకుంటుంది. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదవలేదు, మా ఊరి మోటార్ల మెకానిక్ చెప్పాడు. "ఆయ్, ఈ బుల్లి డబ్బాతో ఒక్క హార్స్ పవర్ మోటారా అమ్మాయిగారూ? కాలిపోద్దండి" అని వైరింగ్ మొత్తం అతనే చేసిపెట్టాడు.

సంక్రాంతి సెలవులకి సామానంతా సంచిలో వేసుకుని బస్సెక్కాను. కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే దారిలో యానాం వస్తుంది. పుదుచ్చేరి ప్రాంతం కాబట్టి మందు చవక. అందుకని అది దాటాక సీసాల కోసం సంచులు వెతుకుతుంటారు. నా సంచిలో తీగలు, బ్యాటరీలు, పైపు ముక్క బయటపడ్డాయి. కాలేజీ ఐడీ కార్డు చూపించి, నీళ్ల ట్యాంకు కథ మొదటి నుంచి చెప్పాను. నా మొదటి ప్రెజెంటేషన్ అదే అనుకోవచ్చు. యెదుర్లంక వంతెన మీద గోదావరి పాయ గౌతమి దాటుతుంటే బస్సులో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

భోగి నాడు ట్యాంకెక్కాను. నానమ్మ కిందనుంచి "పండగపూట ఆ ఎక్కుడేంటే" అని ఒకటే గోల. హైదరాబాద్ నుంచి వచ్చిన మా పెద్దనాన్న పిల్లలు అష్టాచెమ్మా వదిలేసి నా వెనక చేరారు. ఒకడు స్పానర్ అందిస్తే, ఇంకొకతె నీటి మట్టాన్ని కర్రతో కొలిచి నోట్‌బుక్‌లో రాసింది. సెన్సర్ చెప్పిందానికీ కర్ర చెప్పిందానికీ తేడా చూపించే పట్టిక రిపోర్టులో ఉంది చూడండి, అందులో సగం అంకెలు ఎనిమిదో క్లాసు పిల్ల తీసినవే. కింద పిన్ని పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండుతోంది. వాటి వాసనకి సహాయకులంతా దిగిపోయారు. డేటా పంపడానికి పక్కింటివాళ్ల వైఫై అడిగాం. పాస్‌వర్డ్‌తో పాటు ఒక డబ్బా అరిసెలు కూడా ఇచ్చారు.

కనుమ రోజు మాత్రం ప్రాజెక్టు ముట్టుకోలేదు. మా వైపు కనుమంటే ప్రభలే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు, అంటే ఏకాదశ రుద్రులు, మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కలుసుకుంటారు. అక్కడ గుడేమీ ఉండదు, కొబ్బరితోటే. వెదురు చట్రానికి రంగు రంగుల బట్టలు, పూలదండలు, గంటలు కట్టి మధ్యలో స్వామిని ఉంచి భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. పీకల్లోతు నీళ్లలో, పైన ప్రభ ఒరగకుండా, "అశ్శరభ శరభ" అంటూ వాళ్లు దాటుతుంటే గట్టు మీద ఊపిరి బిగబట్టి చూస్తాం. పంట చేల మీదుగా వెళ్లినా రైతులు ఏమీ అనుకోరు, తమ చేలో ప్రభ అడుగు పడితే మంచిదనే అంటారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి మా నానమ్మ "ఇంత చిన్నదేంటి" అని పెదవి విరిచింది.

మా వీధిలోంచి ప్రభ కదిలేటప్పుడు తీగలు అడ్డొస్తాయని కరెంటు తీసేస్తారు. దాంతో నా పరికరమూ ఆగిపోయింది, పక్కింటి వైఫైయూ ఆగిపోయింది. కనుమ నాటి గ్రాఫ్‌లో గంటలకొద్దీ ఖాళీ. కాలేజీకి వచ్చాక మావాళ్లు ఆ ఖాళీని ముందూ వెనకా అంకెల సగటుతో నింపేద్దామన్నారు. నేను అలాగే ఉంచేశాను.

ఫెస్ట్ మార్చిలో. బయటనుంచి చూసేవాళ్లకి ఫెస్ట్ అంటే ట్రెడిషనల్ డే, ఫ్లాష్ మాబ్, డీజే. లోపల పనిచేసేవాళ్లకి ఫెస్ట్ అంటే సంతకాలు. ఒక్క ఎక్స్‌పో హాలు కోసం కోఆర్డినేటర్, హెచ్ఓడీ, డీన్, ప్రిన్సిపాల్ అందరి దగ్గరికీ అదే కాగితం పట్టుకుని తిరగాలి. తిరిగే రోజులకి ఆన్ డ్యూటీ (క్లాసుకి వచ్చినట్టే లెక్క) రాయించుకోవడం మర్చిపోకండి. 75 శాతం హాజరు లేకపోతే ఆ లోటు మాఫీకి కాండొనేషన్ ఫీజు కట్టాలి, 65 కన్నా తగ్గితే ఆ అవకాశమూ లేదు. స్పాన్సర్‌షిప్ పని మా నాలుగో మనిషికి అప్పగించాం. మొబైల్ షాపు, బిర్యానీ పాయింట్, ఫ్లెక్సీలు వేసేవాళ్లు అందరూ అతనికి అన్నయ్యలే. నాకు తెలిసింది ఒకటే: చెక్కు పంపిస్తాం అన్నవాళ్లకంటే నీళ్ల బాటిళ్లు ఇస్తాం, కుర్చీలు ఇస్తాం అన్నవాళ్లే ఖాయం.

డీజే గురించి ఒక్క మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. పోలీసు పర్మిషన్ కాగితంలోనూ అదే రాస్తారు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన ప్రసంగం తగ్గదు, కోత పడేది డీజేకే. మేం ఉపన్యాసాలన్నీ పొద్దున్నే పెట్టించేశాం. ఆ ఒక్క మార్పుకి మా జూనియర్లు ఇప్పటికీ దండం పెడతారు.

ఎక్స్‌పోలో నేను నిర్వాహకురాలినే అయినా ఒక మూల మా ట్యాంకునీ పెట్టుకున్నాను, బకెట్టూ చిన్న పంపుతో. చుట్టుపక్కల స్కూళ్ల పిల్లలు వచ్చారు. ప్రొఫెసర్లు అడగని ప్రశ్న తొమ్మిదో క్లాసు కుర్రాడు అడిగాడు: "అక్కా, కరెంటు ఉంది, మోటారు తిరుగుతోంది, కానీ బోర్లో నీళ్లు లేవు. అప్పుడు?" నీరు లేకుండా తిరిగితే పంపు వేడెక్కి పాడవుతుంది. మా కోడ్‌లో దానికి ఏ ఏర్పాటూ లేదు. ఆ రాత్రే నాలుగు లైన్లు కలిపాం: మోటారు వేసిన కొద్ది నిమిషాల్లో మట్టం పెరగకపోతే ఆపేసి ఫోన్‌కి మెసేజ్ పంపాలి. సెకండ్ రివ్యూలో మేడమ్‌కి అన్నిటికన్నా నచ్చింది అదే. రెండు రోజుల పాటు అదే కథ వందలమందికి చెప్పి చెప్పి గొంతు పోయింది గానీ, పీపీటీ చూడకుండా మాట్లాడటం మా నలుగురికీ అప్పుడే వచ్చింది. ఇస్త్రీ చొక్కా మనిషితో సహా.

డాక్యుమెంటేషన్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ప్లేజరిజం చెక్‌లో సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్ కూడా కాపీ కిందే చూపిస్తుంది. వాటిని తీసేసి అప్‌లోడ్ చేయండి. ఎడమ మార్జిన్ వెడల్పుగా వదలకపోతే బైండింగ్‌లో అక్షరాలు లోపలికి పోతాయి. సర్టిఫికెట్ పేజీలు రెండు మూడు ఎక్కువ ప్రింట్ తీసి, సంతకాలయ్యాకే హార్డ్ బైండింగ్‌కి ఇవ్వండి. చివరి వారం జిరాక్స్ షాపులో బంగారు అక్షరాల కోసం క్యూ ఉంటుంది.

వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ రిపోర్టు తిరగేసి, "ధ్వని వేగం సెకనుకి 340 మీటర్లని వేశారు. ఎండాకాలంలో?" అన్నారు. వేడి పెరిగితే వేగమూ పెరుగుతుంది. 35 డిగ్రీల్లో 352 దాకా ఉంటుంది. మీటరు లోతుకి దాదాపు మూడున్నర సెంటీమీటర్ల తేడా వస్తుందని చెప్పాను. "తేడా ఏ వైపుకి?" అన్నారు. నీరు ఉన్నదానికన్నా కాస్త పైన ఉన్నట్టు చూపిస్తుంది, మోటారు కాస్త ముందే ఆగుతుంది, ట్యాంకు మాత్రం పొంగదు. సార్ తలూపారు. తర్వాత గ్రాఫ్ పేజీ దగ్గర ఆగి, "జనవరిలో ఇక్కడ ఎందుకు తెగింది? కిట్ పాడైందా?" అని అడిగారు. ప్రభలొచ్చాయి సార్, కరెంటు తీశారు అన్నాను. ఆయనకి ప్రభలంటే తెలియదు. మిగతా సమయమంతా కౌశిక ఎలా దాటిస్తారో చెప్పడంతోనే సరిపోయింది. తర్వాతి బ్యాచ్‌వాళ్లు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నారు. మేడమ్ గడియారం చూపించాక సార్ సంతకం పెట్టారు. ఆ సాయంత్రమే నలుగురం క్యాంటీన్‌లో కూర్చుని ఖర్చులు లెక్కేసుకున్నాం. పైపు డబ్బులు మాత్రం బాబాయ్‌కి ఇంకా బాకీ.